ఇనప బూటు, బల్ల చివర చోటు
(మీ ప్రశ్నలు – మా జవాబులు)

పోయిన సంచికలో పోలియో చుక్కల గురించి నాలుగు వాక్యాలు రాశాం. ఆ నాలుగు వాక్యాలకే కోనసీమ నుంచి, భీమవరం, పాలకొల్లు వైపు నుంచి సంచెడు ఉత్తరాలు వచ్చాయి. వాటిలో అడిగింది చుక్కల గురించి కాదు, చుక్కలు రాకముందు పిల్లల గురించి. వాళ్లకి ఏ వైద్యం దొరికింది, బడికి ఎలా వెళ్లారు, ఎందుకు మానేశారు అన్నవే ప్రశ్నలన్నీ. అందుకే ఈసారి పేజీలన్నీ ఆ ఉత్తరాలకే ఇచ్చాం.

ప్రశ్న: మా అన్నయ్యకి రెండేళ్లప్పుడు, 1969లో, జ్వరమొస్తే ఊళ్లోనే సూదిమందు వేయించారట. మూడో రోజుకి ఆ సూది వేసిన కాలే పడిపోయింది. "నేనే చేతులారా తీసికెళ్లి నా బిడ్డ కాలు పోగొట్టాను" అని మా అమ్మ ఇప్పటికీ కళ్లనీళ్లు పెట్టుకుంటుంది. సూది వల్లే అలా అయిందా?
– ఒక పాఠకురాలు, రాజోలు

జవాబు: మీ అమ్మగారి మాటలో సగమే నిజం. ఆ సగం ఏదో ఆవిడకి విడమరిచి చెప్పండి.

వచ్చిన జ్వరమే పోలియో జ్వరం అయుంటుంది. మలం కలిసిన నీళ్ల వల్లా, చేతుల వల్లా ఈ వైరస్ నోట్లోకి పోతుంది. సోకిన పిల్లల్లో దాదాపు 200 మందికి ఒక్కరికే కాలో చెయ్యో చచ్చుబడుతుంది. మిగతావాళ్లకి మామూలు జ్వరంలా వచ్చి పోతుంది, లేదా ఏమీ తెలియదు. అందుకే వీధి మొత్తానికి సోకినా ఒక్క ఇంట్లోనే బిడ్డ కాలు పడిపోయేది. ఆ ఇంటివాళ్లేమో దిష్టి అనీ, గాలి సోకిందనీ కుమిలిపోయేవారు.

ఇక సూది సంగతి. వైరస్ ఒంట్లో ఉండగా కండలోకి సూది గుచ్చితే, ఆ కండని నడిపించే వెన్నుపాము భాగానికి వైరస్ చేరడం సులువవుతుంది. 1950 ప్రాంతంలోనే వైద్యులు దీన్ని గమనించి రాశారు. కానీ మన పల్లెల్లో జ్వరమొస్తే సూది వేయడం, వేయించుకోవడం ఎంత అలవాటో మీకు తెలియంది కాదు. సూది వెయ్యకపోతే మీ అన్నయ్య కాలు నిలిచేదా అంటే, ఏ ఒక్క బిడ్డ విషయంలోనూ ఎవరూ ఆ మాట అనలేరు. జ్వరంతో ఉన్న బిడ్డని వైద్యానికి తీసికెళ్లిన తల్లి తప్పు మాత్రం ఇందులో ఆవగింజంత కూడా లేదు.

ఒక్కటి గమనించండి. సూది పిరుదులో నేరుగా పెద్ద నరానికి తగిలితే కాలు అప్పటికప్పుడే బరువెక్కి, పాదం వాలిపోతుంది, పాదం మీద స్పర్శ తగ్గుతుంది. పోలియోలో అలా కాదు. ఒకటి రెండు రోజులు ఆగి పడిపోతుంది, తొడ ముందు కండ తరచుగా దెబ్బతింటుంది, గిల్లితే మాత్రం బిడ్డకి పూర్తిగా తెలుస్తుంది. మీ అన్నయ్య కాలికి స్పర్శ మామూలుగా ఉంటే అది పోలియో అయ్యే అవకాశమే ఎక్కువ.

ప్రశ్న: మా ఇంటి అటక దులుపుతుంటే మా చిన్నాన్న చిన్నప్పుడు తొడుక్కున్న ఇనప బూటు దొరికింది. రెండు ఇనప కమ్మీలు, తోలు పట్టీలు, కింద నల్ల బూటు. ఆయన ఇప్పుడు లేరు. ఇది ఎలా పనిచేసేది? ఆరో తరగతితోనే ఆయన దీన్ని విప్పేసి, బడి కూడా మానేశారని నాన్న అంటారు. రెండింటికీ ఏమైనా సంబంధం ఉందా?
– పాలకొల్లు నుంచి

జవాబు: ఉంది. ముందు ఆ బూటుని వెలుతురులో పెట్టుకుని చూడండి.

దాన్ని క్యాలిపర్ అంటారు. తొడ మొదటి నుంచి మడమ దాకా కాలికి చెరో పక్కన ఒక కమ్మీ ఉంటుంది. పైన తొడకి, కింద పిక్కకి తోలు వేసిన ఇనప పట్టాలుంటాయి. మధ్యలో మోకాలి చిప్ప మీద నాలుగు వార్లతో బిగించే తోలు ముక్క. మోకాలి దగ్గర రెండు కమ్మీలకీ కీళ్లుంటాయి, ఆ కీళ్ల మీదకి జారే చిన్న ఇనప రింగులే దీని ప్రాణం. కాలు తిన్నగా చాపితే రింగులు కిందికి జారి కీలుని కప్పేస్తాయి. అప్పుడు మోకాలు ఇక వంగదు, తొడ కండలో బలం లేకపోయినా పిల్లవాడు నిలబడగలడు. కూర్చోవాలంటే రెండు చేతులతో రెండు రింగుల్నీ ఒకేసారి పైకి లాగాలి. కింద కమ్మీలు బూటు మడమకి, అట్టకి మధ్య బిగించి ఉంటాయి.

కిలో నుంచి రెండు కిలోల బరువున్న ఈ సరంజామా, సగం బలం కూడా లేని కాలికి. అయినా చాలామంది పిల్లలు దీనితోనే నడిచారు. నడవలేకపోయిన చోట తప్పు కాలిది కాదు, పిల్లలదీ కాదు. ఈ బూటు ఎక్కడెక్కడ మొరాయించేదో చెబుతాం.

మొదటిది, పిల్లలు ఎదుగుతారు, ఇనుము ఎదగదు. బూటు దగ్గర కమ్మీ స్థిరంగా ఉంటుంది కాబట్టి, కాలు పొడుగయ్యే కొద్దీ క్యాలిపర్ కీలు అసలు మోకాలి కన్నా కిందికి దిగిపోతుంది. కూర్చున్నప్పుడల్లా పట్టా తొడలో గుచ్చుకుంటుంది, చర్మం ఒరుసుకుపోతుంది. కమ్మీల మీద వరసగా బెజ్జాలుంటే, అవి పొడుగు పెంచడానికే. మరలు తీసి ఒక బెజ్జం కిందికి జరిపేవారు. ఎదిగే వయసులో ఆరు నెలలకోసారి చూపించాలి. చూపించడానికి వెళ్లాల్సింది ఎక్కడికి? కాకినాడకో, విశాఖ కింగ్ జార్జి ఆసుపత్రికో, మద్రాసుకో, వెల్లూరుకో. వంతెనలు రాకముందు అమలాపురం వైపు నుంచి కాకినాడ వెళ్లాలంటే ముక్తేశ్వరం రేవులో పంటు ఎక్కి కోటిపల్లిలో దిగాలి, లేదా ఎదుర్లంక నుంచి యానాం దాటాలి. పిల్లవాడిని ఎత్తుకుని రేవు మెట్లు దిగి, ఒండ్రులో నడిచి, మళ్లీ గట్టెక్కాలి. రోజు కూలీ పోతుంది, ఛార్జీలు ఉంటాయి. ఆరు నెలలకని చెప్పింది రెండేళ్లయ్యేది.

రెండోది మన నేల. జూన్ నుంచి కాలవ గట్లు జిగురు బురద. రింగులోకి ఆ బురద వెళ్లి ఎండితే రింగు సగంలో ఆగిపోతుంది. పిల్లవాడు లాకు పడిందనుకుని బరువు వేస్తాడు, మోకాలు మడత పడి బోర్లా పడతాడు. నాలుగుసార్లు పడ్డాక ఆ బూటు మీద నమ్మకం పోతుంది. వానల్లో తోలు బూజు పట్టి, చెమటకి గట్టిపడి పగులుతుంది. పిక్క పట్టా లోపలి తోలు తడిమి చూడండి, గట్టిపడి అంచు కత్తిలా ఉంటే ఆ కాలు ఎంత ఒరుసుకుపోయేదో వేలికే తెలుస్తుంది. తెలిసినవాళ్లు రోజూ సాయంత్రం పొడిగుడ్డతో తుడిచి, కీలుకి రెండు చుక్కల కుట్టుమిషను నూనె వేసి, తోలుని నీడలో ఆరబెట్టేవారు. ఊడిన రివిట్లు సైకిలు షాపులో కొట్టించేవారు, వార్లు చెప్పులు కుట్టేవాళ్ల దగ్గర వేయించేవారు. ఇవి మంచి పనులు. వంగిన కమ్మీని కొలిమిలో కాల్చి సాగదీయించడం మాత్రం చెడ్డ పని, ఎర్రగా కాలిన ఉక్కు మెత్తబడి మళ్లీ అక్కడే వంగుతుంది. మీ దగ్గరున్న కమ్మీ మీద ఒకచోట నల్లగా మచ్చ ఉంటే ఆ పని జరిగిందని అర్థం.

మూడోది అన్నిటికన్నా పెద్దది. మనం ఇంట్లోకి, గుళ్లోకి, చాలా బళ్లలోకి కూడా చెప్పులు విడిచే వెళ్తాం. ఈ బూటు విడవడమంటే కాలు విడవడమే. గడప దగ్గర అయిదు వార్లు విప్పి, లోపల దేక్కుంటూ తిరిగి, బయటికి రావాలంటే మళ్లీ అన్నీ బిగించుకోవాలి. బూట్లతో కుర్చీల్లో కూర్చునే దేశాల్లో పుట్టిన వస్తువు ఇది. బూటు లేకుండా లోపల తొడుక్కుని పైన మామూలు చెప్పు వేసుకునే ప్లాస్టిక్ క్యాలిపర్లు ఆ తర్వాతెప్పటికో మన పల్లెలకి వచ్చాయి.

ఇప్పుడు బడి. నేల మీద కూర్చునే ఎలిమెంటరీ స్కూల్లో, లాకు వేసిన కాలు కర్రలా ముందుకి చాచి ఉంటుంది. ముందు వరసవాడి వీపుకి తగులుతుంది, వెనకవాళ్లు తట్టుకుని పడతారు. దాంతో గోడవారకో, గుమ్మం దగ్గరికో పంపేవారు. అక్కణ్ణుంచి నల్లబల్ల కనబడదు. హైస్కూల్లో బల్లలుంటాయి కాబట్టి సులువనుకుంటాం, కానీ బల్ల మధ్యలో చోటిస్తే రింగు లాగడానికి మోచెయ్యి ఆడదు. ఎడమ కాలు పోలియో అయితే బల్లకి ఎడమ చివర, కుడి కాలయితే కుడి చివర చోటు ఇవ్వాలి. అది తెలిసి ఇచ్చిన మాస్టారు ఉన్న బడిలో ఆ పిల్లవాడు నిలిచాడు. ఆరో తరగతి అంటే చాలా ఊళ్లకి పొరుగూరి హైస్కూలు. మూడు నాలుగు మైళ్ల గట్టు. మీ చిన్నాన్నగారు బూటు, బడి ఒకేసారి వదలడం యాదృచ్ఛికం కాదు.

ఆ బూటుని పాత ఇనుముకి వేయకండి.

ప్రశ్న: మా మేనత్తకి పదమూడేళ్లకి పోలియో ఆపరేషన్ చేశారు. ఏడాదికే మోకాలు మళ్లీ వంగిపోయింది. అంత ఆలస్యంగా చేయడం వల్లేనా?
– అమలాపురం

జవాబు: ఆలస్యం కొంత, తర్వాతి నిర్లక్ష్యం ఎక్కువ.

పోలియో వైరస్ చేసే నష్టం కొద్ది రోజుల్లో అయిపోతుంది. తిరిగి వచ్చే బలం చాలావరకు మొదటి ఆరు నెలల్లో, మిగిలింది రెండేళ్లలోపు వస్తుంది. ఆ రెండేళ్లలోనే కాలు ఏ ఆకారంలో బిగుసుకోవాలో కూడా తేలిపోతుంది. బిడ్డని చాప మీద పడుకోబెడితే బలం లేని కాలు కప్ప కాలిలా తుంటి దగ్గర పక్కకి ఒరిగి, మోకాలు వంగి ఉంటుంది. నొప్పి తగ్గుతుందని మోకాలి కింద దిండు పెడతారు. నెలల తరబడి అలాగే ఉంటే తుంటి, మోకాలు, మడమ మూడూ వంగిన చోటే బిగిసిపోతాయి. నొప్పి ఉన్న రోజుల్లో గట్టిగా తైలం మర్దన చేస్తే మేలు కన్నా కీడే ఎక్కువ. వాతలు పెట్టించినవాళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. చేయాల్సినవి ఖర్చు లేనివే. వేడినీళ్లలో ముంచి పిండిన ఉన్నిగుడ్డ చుట్టడం, రోజూ కాసేపు బోర్లా పడుకోబెట్టడం, పాదం వాలకుండా చెక్క ఆనించి ఉంచడం, నొప్పి తగ్గాక రోజుకి రెండుసార్లు కీళ్లని మెల్లగా పూర్తిగా చాపడం. ఈ నాలుగు మాటలు చెప్పే మనిషి మాత్రం ఊళ్లో లేడు.

మోకాలు 20 డిగ్రీలకి మించి వంగి బిగిస్తే క్యాలిపర్ సరిగ్గా కూర్చోదు. అందుకే ముందు ఆపరేషన్ అవసరమయ్యేది. బిగిసిన పొరలు, స్నాయువులు వదులు చేయడం ఏ వయసులోనైనా చేయొచ్చు. బలం ఉన్న కండని లేని చోటికి మార్చి కట్టడానికి బిడ్డ చెప్పిన మాట వినే వయసు, అయిదారేళ్లు, రావాలి. పాదం ఎముకల్ని అతికించి నిలబెట్టే ఆపరేషన్‌కి ఎముక ఎదుగుదల చాలావరకు పూర్తవ్వాలి కాబట్టి పది పన్నెండేళ్ల దాకా ఆగుతారు. మీ మేనత్తగారికి చేసింది పాదానిదైతే పదమూడు సరైన వయసే. బాగా వంగిన మోకాలిని ఒక్కసారిగా సాగదీస్తే వెనక నరం లాగి పాదం మొద్దుబారుతుంది. అందుకే వారం వారం సిమెంటు కట్టు మారుస్తూ కొంచెం కొంచెంగా తెచ్చేవారు.

కట్టు విప్పిన రోజే క్యాలిపర్ తొడగాలి. కోత మానిన చోట ఏర్పడే మచ్చ కణజాలం ముడుచుకునే గుణం కలది, ఆసరా లేకపోతే కొద్ది నెలల్లో మోకాల్ని మళ్లీ వంచేస్తుంది. క్యాలిపర్ కొలతలకి ఒకసారి, తొడుక్కోవడానికి ఒకసారి రమ్మంటే, రెండోసారి వెళ్లలేకపోయిన కుటుంబాలు ఎన్నో. "ఆపరేషన్ ఫెయిలయింది" అని ఊళ్లో అనుకున్నవాటిలో చాలావాటి వెనక ఉన్నది ఆ రెండో ప్రయాణమే. విశాఖకి చెందిన డాక్టర్ సుంకర వెంకట ఆదినారాయణరావు గారు ఊళ్లకే వెళ్లి ఉచిత పోలియో శిబిరాలు పెట్టడం వెనక ఉన్న విలువ ఇక్కడే తెలుస్తుంది. ఆయనకి 2022లో పద్మశ్రీ వచ్చింది.

ప్రశ్న: ఆ రోజుల్లో వికలాంగ పిల్లల్ని బడిలో చేర్చుకోకూడదని రూలు ఉండేదా? మా ఊళ్లో ఒక్కరూ చదివిన గుర్తు లేదు.
– విశ్రాంత ఉపాధ్యాయుడు, మండపేట

జవాబు: లేదు మాస్టారూ. కూడదన్న రూలూ లేదు, ఎలా చేర్చుకోవాలన్న ఏర్పాటూ లేదు. 1964–66 నాటి కొఠారీ విద్యా కమిషన్ ఈ పిల్లల చదువు మామూలు విద్యావ్యవస్థలో భాగం కావాలని చెప్పింది. వీళ్లని మామూలు బళ్లలో చదివించడానికి కేంద్రం 1974లో ఒక పథకం తెచ్చింది, పుస్తకాలకీ ప్రయాణానికీ భత్యాలు అందులో ఉన్నాయి. హక్కుగా చట్టంలోకి ఎక్కింది 1995లో, పద్దెనిమిదేళ్ల దాకా ఉచిత విద్య అని. 2016 చట్టం దాన్ని ఇంకా గట్టి చేసింది.

కానీ బడి మాన్పించింది చాలాచోట్ల చట్టం లేకపోవడం కన్నా మరుగుదొడ్డి లేకపోవడం. మిగతా పిల్లలు కాలవ గట్టుకి పరిగెత్తుతారు. క్యాలిపర్‌తోనో, దేక్కుంటూనో వెళ్లే పిల్ల ఏం చేస్తుంది? పొద్దున్నుంచి నీళ్లు తాగకుండా కూర్చుంటుంది. పెద్దమనిషి అయ్యాక ఇక పంపరు. ఆడపిల్లల విషయంలో ఇదొక్కటే చాలు, ఇంకో కారణం వెతకనక్కర్లేదు. ఆ పైన ఇంట్లో మాట ఒకటి ఉండేది, "నడిచే పిల్లలకే దిక్కు లేదు" అని. నడవలేని పిల్లకే చదువు ఎక్కువ అవసరమన్న సంగతి తలకెక్కేసరికి ఒక తరం గడిచిపోయింది.

చంక కర్రల మీద వచ్చే పిల్లలకి ఒక జాగ్రత్త చెప్పేవాళ్లూ తక్కువే. కర్ర పైభాగం చంకకి రెండు మూడు వేళ్లు కింద ఉండాలి, బరువు అరచేతుల మీద పడాలి. వడ్రంగి చేత తుమ్మకర్రతో చేయించినవి ఎదుగుతాడు కదా అని పొడుగ్గా పెట్టించేవారు. చంకలో ఒత్తుకుని నరం నలిగి, మణికట్టు వాలిపోయి, బలపం పట్టుకోలేకపోయేవాళ్లు. కర్ర పొట్టి చేస్తే కొన్ని వారాల్లో చాలావరకు తిరిగొస్తుంది. మెట్లెక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు బలం లేని కాలు, కర్ర ముందు. బడి మెట్లకి చేతితో పట్టుకునే కడ్డీ ఉంటే సగం కష్టం తీరేది.

ప్రశ్న: మా పెద్దమ్మ చిన్నప్పుడు తొమ్మిది నెలలు సిమెంటు పడకలో పడుకుందట. ఆ జబ్బేమిటి?
– తణుకు

జవాబు: వెన్నెముక క్షయ అయుంటుంది. వెన్నుపూసలు కరిగి కుంగితే గూని వస్తుంది, వెన్నుపాము నొక్కుకుంటే కాళ్లు పడిపోతాయి. స్ట్రెప్టోమైసిన్, ఐసోనియాజిడ్ మందులు అందుబాటులోకి రాకముందు, 1950ల దాకా, వీపుకి సరిపడా సిమెంటు తొట్టి పోసి అందులో కదలకుండా పడుకోబెట్టడమే వైద్యం. ఎండ, పాలు, గుడ్లు. మనవాళ్లలో కొందరు రాజమండ్రి దగ్గర విశ్రాంతిపురం, మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానిటోరియంల దాకా వెళ్లారు. మందులొచ్చాక పడక అవసరం బాగా తగ్గింది. మంచానికి కట్టుబడ్డ ఆ నెలలకి బడి లెక్క ఎక్కడా లేదు, తిరిగొచ్చిన పిల్ల తన కన్నా చిన్నవాళ్లతో కూర్చోవాలి. చాలామంది కూర్చోలేదు.

ప్రశ్న: చెట్టు మీంచి పడ్డ మా బాబాయికి నాటు కట్టు కట్టించారు. ఎముక అతికింది కానీ వేళ్లు ముడుచుకుపోయి చెయ్యి పనికిరాకుండా పోయింది. ఎముక అతికినా అలా ఎందుకైంది?
– భీమవరం

జవాబు: కట్టు బిగుసుకుని రక్తం ఆడక. మోచేతి పైన విరిగినప్పుడు వాపు ఎక్కువ. వెదురు బద్దలు పెట్టి, గుడ్డు తెల్లసొన, మినప్పిండి పట్టించిన గుడ్డ చుడితే, అది ఆరేకొద్దీ బిగుస్తుంది, లోపల వాపు పెరుగుతుంది. సుమారు ఆరు గంటలు దాటితే ముంజేతి కండ చావడం మొదలవుతుంది. చచ్చిన కండ తాడులా ముడుచుకుని వేళ్లని లాగేస్తుంది. గుర్తులివి. నొప్పి తగ్గకుండా పెరగడం, వేళ్లని ఎవరైనా చాపితే బిడ్డ గగ్గోలు పెట్టడం, తిమ్మిరి, వేళ్లు పాలిపోయి చల్లబడడం. ఇవి కనబడితే తెల్లారనివ్వకూడదు. కట్టు పై నుంచి కింది దాకా మొత్తం కోసేసి, చెయ్యి గుండె ఎత్తున ఉంచి ఆసుపత్రికి పరిగెత్తాలి. ఈ మాట ఇవాళ్టికీ వర్తిస్తుంది.

ప్రశ్న: నాకు 58 ఏళ్లు. రెండేళ్లప్పుడు పోలియో. ఇన్నేళ్లూ తొడ మీద చెయ్యి ఆనించుకుని నడిచాను, బ్యాంకు ఉద్యోగం చేశాను. రెండేళ్లుగా మంచి కాలు కూడా నీరసిస్తోంది. పోలియో తిరగబెట్టిందా?
– కాకినాడ

జవాబు: వైరస్ తిరిగి రాలేదండి. అప్పుడు మిగిలిన నరకణాలు చచ్చిపోయిన వాటి పని కూడా నెత్తినేసుకుని ఇన్నేళ్లు లాక్కొచ్చాయి, ఇప్పుడు అలిసిపోతున్నాయి. పదిహేనేళ్లు, ఆ పైన నిలకడగా ఉన్నాక ఇలా కొత్త బలహీనత రావడాన్ని పోస్ట్ పోలియో సిండ్రోమ్ అంటారు. మంచి కాలనుకున్నదానికీ అప్పట్లో కొంత సోకి ఉండొచ్చు.

ముందు థైరాయిడ్, రక్తహీనత, బి12, మధుమేహం, నడుము దగ్గర నరం ఒత్తిడి లేవని చూపించుకోండి. తర్వాత అలవాట్లు మార్చాలి. వ్యాయామం అలసట వచ్చేలోపే ఆపాలి, మర్నాటికి కూడా నొప్పి మిగిలితే అది ఎక్కువైనట్టే. తొడ మీది చెయ్యి తీసి చేతికర్ర పట్టుకోండి, ఇన్నేళ్ల ఒంగుడు నడుముని తినేస్తుంది. చిన్నప్పుడు వదిలిన క్యాలిపర్‌కి ఇప్పుడు తేలికైన ప్లాస్టిక్ రకాలున్నాయి, సిగ్గుపడకుండా కొలతలివ్వండి. పోలియో కాలి ఎముక సన్నగా, గుల్లగా ఉంటుంది, బాత్రూములో కడ్డీ పెట్టించండి. ఏ ఆపరేషన్‌కైనా మత్తు డాక్టరు గారికి పోలియో సంగతి ముందే చెప్పాలి.

ప్రశ్న: మా హైస్కూలు ఉత్సవాలకి సంచిక వేస్తున్నాం. పాత రోజుల్లో చదివిన వికలాంగ విద్యార్థుల వివరాలు రికార్డుల్లో దొరుకుతాయా?
– పూర్వ విద్యార్థి, రామచంద్రపురం

జవాబు: వాళ్లకని ప్రత్యేకమైన గడి ఉండకపోవచ్చు, పక్కదారిన వెతకాలి. అడ్మిషన్ రిజిస్టరులో పుట్టిన తేదీ, చేరిన తేదీ పక్కపక్కన పెట్టి చూడండి. తోటివాళ్ల కన్నా మూడు నాలుగేళ్లు పెద్దవయసులో చేరిన పేరు ఉంటే గుర్తుపెట్టుకోండి. టెన్త్ కాగితాల్లో పుట్టుమచ్చలు రాసే చోట కొన్నిసార్లు కాలి సంగతో, చేతి సంగతో రాసుంటుంది. తర్వాత హాజరు పట్టీలు తీయండి. జూన్‌లో వరసగా వచ్చి, వానలు ముదిరాక జూలై, ఆగస్టుల్లో గైర్హాజరై, సంక్రాంతి తర్వాత గట్లు ఆరాక మళ్లీ కనబడే పేర్లుంటాయి. మళ్లీ కనబడని పేర్లూ ఉంటాయి. ఆ పేర్లన్నీ ఒక కాగితం మీద రాసుకుని ఊళ్లో డెబ్బై ఏళ్లు దాటినవాళ్ల దగ్గర కూర్చోండి, ఎవరెవరో వాళ్లు చెబుతారు. అచ్చు వేసే ముందు ఆ మనుషుల్నో, వాళ్ల ఇంటివాళ్లనో అడిగి ఒప్పుకుంటేనే వేయండి. వేసేటప్పుడు ఊరు తగిలించిన ఎగతాళి పేరుతో కాకుండా, రిజిస్టరులో ఉన్న అసలు పేరుతో వేయండి.